ధర తగ్గించే ముందు: వ్యాపార పోటీకి యుద్ధనీతి మార్గదర్శి

ఎదురుగా కొత్త దుకాణం తెరుచుకోగానే మన వ్యాపారి చేసే మొదటి పని పాత ధర కొట్టేసి కొత్త ధర రాయడం. రెండో పని, అవతలివాడి సరుకు నాసిరకమని వచ్చిన ప్రతివారితోనూ చెప్పడం. రెండూ యుద్ధ ప్రకటనలే. అసలు యుద్ధం చేయాలా, చేస్తే ఎక్కడ చేయాలి, ఎంత నష్టం దాకా చేయాలి అన్న ప్రశ్నలు ఆ హడావిడిలో అడిగేవారే ఉండరు.

ఈ తొందరపాటు కొత్తదేమీ కాదు. రాజుకు ఉన్న మార్గాలు రెండే, సంధి లేదా యుద్ధం అన్నది వాతవ్యాధి అనే పూర్వాచార్యుడి అభిప్రాయం. కౌటిల్యుడు అర్థశాస్త్రం ఏడో అధికరణంలో ఆ అభిప్రాయాన్ని ఉదహరించి మరీ తోసిపుచ్చాడు. పరిస్థితులు వేరువేరుగా ఉంటాయి కనుక మార్గాలు ఆరు అన్నాడు: సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా కూర్చోవడం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుడి అండ చేరడం), ద్వైధీభావం (ఒకచోట సంధి, మరోచోట యుద్ధం). వీటిలో కత్తి దూయాల్సినవి రెండు, మహా అయితే రెండున్నర. వ్యాపారికి సైనిక వ్యూహం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే: ఎంపికలను పెంచడంలో, ఖర్చును ముందే లెక్కగట్టడంలో.

చెప్పేది గాలిలో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. లక్ష జనాభా ఉన్న పట్టణం, పాత బజారులో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఒక సూపర్‌మార్కెట్. ఇప్పుడు బైపాస్ రోడ్డులో ఒక పెద్ద రిటైల్ సంస్థ శాఖ తెరుస్తోంది. యజమాని మీరే అనుకోండి. మీది మందుల పంపిణీ అయినా, కోచింగ్ సెంటర్ అయినా, సాఫ్ట్‌వేర్ సంస్థ అయినా అడుగులు ఇవే. పేర్లు మార్చుకుంటే చాలు.

మొదటి అడుగు: మండలం గీయండి

కౌటిల్యుడి మండలం అంటే రాజు చుట్టూ ఉన్న మిత్రుల, శత్రువుల పటం. తెల్ల కాగితం మధ్యలో మీ దుకాణం పేరు రాయండి. ఎదురుగా పోటీదారు, అంటే కౌటిల్యుడి మాటలో అరి. అరికి అవతల, అతనివల్ల ఇబ్బంది పడుతున్నవాడు మీకు సహజ మిత్రుడు. మీ వెనుక పార్ష్ణిగ్రాహుడు: మీరు ముందుకు కదలగానే వెనుక నుంచి పట్టుకునేవాడు. మీ ఇద్దరికన్నా బలవంతుడై ఇద్దరితోనూ పని ఉన్నవాడు మధ్యముడు. అందరికన్నా బలవంతుడై, ప్రస్తుతానికి దూరంగా ఉన్నవాడు ఉదాసీనుడు.

మన ఉదాహరణలో అరి ఎవరో చెప్పనక్కర్లేదు. మిత్రుడు ఎవరు? పెద్ద సంస్థ నేరుగా కంపెనీల నుంచి కొంటుంది కాబట్టి బేరం పోగొట్టుకోబోయే స్థానిక డిస్ట్రిబ్యూటర్. రేపు మీకు ముప్పై రోజుల బదులు నలభై ఐదు రోజుల అరువు ఇవ్వగలిగేది అతనే. మధ్యముడు, ఇద్దరికీ సరుకు అమ్మే సబ్బుల కంపెనీ. ఉదాసీనుడు, పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్. మీ ఊరికి ఇంకా రాలేదు, వస్తే మీతోపాటు బైపాస్ వాడికీ తలనొప్పే.

చాలామంది గీసే పటంలో పార్ష్ణిగ్రాహుడు కనిపించడు. మీ పోరాటం మొదలైన రెండో నెలలో అద్దె పెంచమనే భవన యజమాని, అమ్మకాలు తగ్గాయని ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి కుదించే బ్యాంకు, వాటా తీసేసుకుంటానని లేచే భాగస్వామి, వీళ్లంతా ఆ గడిలోకి వస్తారు. నా అభిప్రాయంలో పోటీ దెబ్బకు కూలాయని చెప్పుకునే వ్యాపారాల్లో చాలావాటిని పడేసింది ఎదుటివాడు కాదు, వెనుకవాడు. కాబట్టి ముందు అద్దె ఒప్పందం తిరగరాయించుకోండి, బ్యాంకు పరిమితి పునరుద్ధరించుకోండి. ఆ తర్వాతే ఎదుటివాడి వైపు చూడండి.

పటానికి తేదీ వేయడం మరవకండి. విజయనగరంలో అళియ రామరాయలు దక్కన్ సుల్తానులను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతూ ఏళ్ల తరబడి పైచేయిగా ఉన్నాడు. 1565 జనవరి నాటికి ఆ పటం పాతబడిపోయింది. బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ ఒక్కటై తళ్లికోట యుద్ధంలో అతన్ని ఓడించాయి. చలిచీమల చేత చిక్కిన సర్పం సంగతి మనకు చిన్నప్పుడే నేర్పారు కానీ, ఆ చీమలు నిన్నటిదాకా తమలో తాము కొట్టుకున్నవే అయితే వాటి కలయికను ఎవరూ ఊహించరు. మూడు నెలలకోసారి పటం మళ్లీ గీయండి.

రెండో అడుగు: వేగు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారుచేస్తోందో మిత్రపక్షాలకు తెలియాల్సి వచ్చింది. 1940 జూన్ నుంచి 1942 సెప్టెంబరు వరకు నెలకు 1,400 దాకా ఉండవచ్చని గూఢచారి వర్గాలు అంచనా వేశాయి. గణాంక నిపుణులు మాత్రం పట్టుబడిన ట్యాంకుల మీది వరుస సంఖ్యలను పోల్చి, సగటున 246 అన్నారు. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు తెరిస్తే తేలిన సంఖ్య 245.

ఈ పద్ధతి మీ ఊళ్లోనూ పనిచేస్తుంది. బైపాస్ దుకాణంలో పొద్దున తెరవగానే ఒక సబ్బు కొనండి, రాత్రి మూసే ముందు మరొకటి కొనండి. రెండు బిల్లుల సంఖ్యల తేడా చూస్తే ఆ కౌంటర్‌లో ఆ రోజు ఎన్ని బిల్లులు పడ్డాయో తెలుస్తుంది. కౌంటర్‌కు వేరే వరుస ఉందో, దుకాణమంతటికీ ఒకటే వరుసో ముందు గమనించుకోండి. వారంలో మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి, నెల మొదటి వారంలో ఒకటి చూస్తే వాళ్ల గిరాకీ మీకు చాలావరకు అర్థమవుతుంది. ఇందులో దొంగతనం లేదు, మోసం లేదు; మీరు డబ్బిచ్చి కొన్న సబ్బు బిల్లే అది.

ఇలాంటి బహిరంగ సమాచారం మన దేశంలో బోలెడు ఉంది, వాడుకునేవారే తక్కువ. పోటీదారు కంపెనీగా నమోదై ఉంటే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి అది దాఖలు చేసిన ఆర్థిక నివేదికలు చూడవచ్చు: అప్పు ఎంత, ఆస్తులు బ్యాంకుకు తాకట్టులో ఉన్నాయా, గత ఏడాది లాభమా నష్టమా. సొంత వ్యాపారంగా, భాగస్వామ్యంగా నడిచేవాటికి ఇది దొరకదు. బిల్లు మీది జీఎస్టీ నంబరుతో చట్టబద్ధమైన పేరు, నమోదు తేదీ తెలుస్తాయి. సొంత బ్రాండు పప్పు ప్యాకెట్ మీద ఉండే ఆహార లైసెన్సు వివరాలు చూస్తే అసలు ప్యాక్ చేసిందెవరో బయటపడుతుంది. ఒక్కోసారి ఆ మిల్లు మీకూ సరఫరా చేసేదే అయి ఉంటుంది. వాళ్లు వేసే ఉద్యోగ ప్రకటనలు చదవండి. డెలివరీ కుర్రాళ్ల కోసం వెతుకుతున్నారంటే వచ్చే నెల ఎత్తు ఏమిటో చెప్పేసినట్టే.

కంపెనీల సేల్స్ ప్రతినిధులు మంచి వేగులు. కాకపోతే అటు మాట ఇటు చెప్పేవాడు ఇటు మాట అటూ చెబుతాడు. వాళ్ల ముందు మీరు ఏం మాట్లాడాలో ముందే అనుకోండి.

పోటీదారు ఉద్యోగికి డబ్బిచ్చి ఖాతాదారుల జాబితా తెప్పించుకోవడం మాత్రం ఈ అడుగులో భాగం కాదు. కేసుల సంగతి అలా ఉంచితే, డబ్బుకు జాబితా అమ్మినవాడు మీ జాబితానూ అమ్ముతాడు.

మూడో అడుగు: బలాబలాల లెక్క

శక్తులు మూడు: ఉత్సాహశక్తి, ప్రభుశక్తి, మంత్రశక్తి. వ్యాపార భాషలో తెగువ, డబ్బూ మనుషులూ, ఆలోచన. మూడింటిలో మంత్రశక్తికే కౌటిల్యుడు పెద్దపీట వేశాడు. తెగువ ఒక్కటే మిగిలిన వ్యాపారి ధర తగ్గిస్తాడు. కాబట్టి ధర లెక్క ముందు చూద్దాం.

వంద రూపాయలకు అమ్మే సరుకు మీకు 88కి పడుతోంది అనుకోండి. మిగులు 12. నాలుగు శాతం తగ్గించి 96కి అమ్మితే మిగులు 8. ఇదివరకటి మొత్తం మిగులు రావాలంటే అమ్మకాలు ఒకటిన్నర రెట్లు కావాలి. నాలుగు శాతం తగ్గింపుకు యాభై శాతం అదనపు గిరాకీ వస్తుందా? మీకే తెలుసు.

ఇదే లెక్కను తిరగేయండి. ధర ముట్టుకోకుండా ఊరుకుని, మూడో వంతు అమ్మకాలు పోగొట్టుకున్నా మీకు మిగిలేది, ధర తగ్గించి పాత అమ్మకాలన్నీ నిలబెట్టుకుంటే మిగిలేదీ సరిగ్గా సమానం. అంటే ఎదుటివాడు మీ గిరాకీలో మూడో వంతు కన్నా తక్కువ లాక్కుపోతాడనుకుంటే, ధర తగ్గించడమే పెద్ద నష్టం. ఇది మీ సగటు మిగులుతో కాకుండా బియ్యం, నూనె, సబ్బులు, చిరుతిళ్లు అని విభాగాలుగా వేయండి. నూనెలో మిగులు నాలుగైదు శాతమే ఉంటే అక్కడ పోరు ఊసే వద్దు.

తర్వాత మరో సంఖ్య కావాలి: అమ్మకాలు నాలుగో వంతు పడిపోయినా జీతాలు, అద్దె, వడ్డీ కడుతూ ఎన్ని నెలలు నిలబడగలరు? కోటలో ఎన్నాళ్లకు సరిపడా ధాన్యం ఉందో తెలియకుండా తెలివైన దుర్గాధిపతి ముట్టడికి ఎదురు నిలవడు.

నాలుగో అడుగు: ఆరింటిలో మీ దారి

కౌటిల్యుడి సూత్రం సూటిగా ఉంటుంది. ఎదుటివాడికన్నా తక్కువ బలం ఉంటే సంధి. ఎక్కువ ఉంటే విగ్రహం. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ చేయలేని స్థితి అయితే ఆసనం. ప్రత్యేక అనుకూలత చేతికి వస్తే యానం. శక్తి బొత్తిగా లేకపోతే సంశ్రయం. ఒకరి సాయంతో మరొకరిపై పని సాధించాల్సి వస్తే ద్వైధీభావం. సంధిలోనూ యుద్ధంలోనూ సమానమైన ఫలం వచ్చేటట్టుంటే సంధికే వెళ్లమన్నాడు. యుద్ధంలో క్షయం, వ్యయం, ప్రవాసం, పాపం తప్పవని కారణం కూడా చెప్పాడు.

సంధి అంటే బైపాస్ వాడితో కూర్చుని ధరలు ఖాయం చేసుకోవడం అనుకునేరు. అది నేరుగా 2002 నాటి పోటీ చట్టానికి అడ్డంగా పడుతుంది. ధరలు కలిసి నిర్ణయించుకోవడం, ప్రాంతాలు పంచుకోవడం, టెండర్లలో కూడబలుక్కోవడం ఆ చట్టం మూడో సెక్షన్ కిందకు వస్తాయి. జరిమానాలు భారీగా ఉంటాయి, వ్యాపార సంఘాలకూ మినహాయింపు లేదు. చట్టం ఒప్పుకునే సంధులు వేరే ఉన్నాయి. మీ ఇంటి పచ్చళ్లకు, ఇడ్లీ పిండికి ఊళ్లో పేరుంటే వాటిని బైపాస్ దుకాణానికే సరఫరా చేయండి. శత్రువు అల్మారాలో మీ సరుకు ఉంటే అతని గిరాకీ పెరిగినప్పుడల్లా మీకూ ముడుతుంది. రోషం అడ్డొస్తుంది, నిజమే. రోషానికి లెక్కల పుస్తకంలో గడి లేదు.

ఆసనం అన్నిటికన్నా కష్టమైనది. ప్రారంభపు ఆఫర్లు, కొత్త వింత, ఆదివారం సరదా కలిసి మొదటి మూడు నెలలు బైపాస్ దుకాణం కిటకిటలాడుతుంది. ఆ మూడు నెలలూ ధర మార్చకుండా కూర్చోవడమే మీ వ్యూహం కావచ్చు. అయితే కూర్చోవడం వేరు, కునుకు తీయడం వేరు. రోజువారీ బిల్లుల సంఖ్య, సగటు బిల్లు, నెలవారీ ఖాతా ఉన్న ఇళ్లలో ఎన్ని రాలేదు అన్న మూడు అంకెలు ప్రతి సోమవారం గోడ మీద రాయండి. ఏ అంకె ఎక్కడికి పడితే లేవాలో ముందే నిర్ణయించుకోండి.

సంశ్రయాన్ని మనవాళ్లు అవమానంగా చూస్తారు. గోల్కొండ రాకుమారుడు ఇబ్రహీం కుతుబ్‌షా అన్న జంషీద్ నుంచి ప్రాణం కాపాడుకోవడానికి విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నాడు. 1550లో తిరిగొచ్చి సింహాసనం ఎక్కి మూడు దశాబ్దాలు ఏలాడు. తళ్లికోట కూటమిలో చేరిన గోల్కొండ సుల్తాను ఇతనే. వ్యాపారంలో చూస్తే, 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లాక పార్లే సంస్థ రమేశ్ చౌహాన్ నాయకత్వంలో థమ్సప్‌ను నిలబెట్టింది. 1993లో కోకాకోలా తిరిగి వచ్చినప్పుడు ఎదురు నిలవకుండా థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లను దానికే అమ్మింది. అమ్మడం సరైనదా అన్న వాదన ఇంకా ఉంది, కానీ థమ్సప్ ఇప్పటికీ దుకాణాల్లో ఉంది. చిన్న స్థాయిలో దీనికి రూపం: పెద్ద టోకు సంస్థ గొడుగు కిందకు వెళ్లి వాళ్ల ఫ్రాంచైజీ తీసుకోవడం.

మన ఉదాహరణకు నాకు సరిపడేదిగా తోచేది ద్వైధీభావం. ప్యాకెట్ సరుకుల్లో శాంతి, తాజా సరుకుల్లో పోరు. సబ్బులు, బిస్కెట్లు ముద్రించిన ధరకే అమ్మండి, పోయినవి పోనివ్వండి. కూరగాయలు, రోజూ రుబ్బిన పిండి, పండుగ సరుకు, ఇంటికి పంపే నెల సామాను దగ్గర మాత్రం ఒక్క అడుగు వెనక్కు వేయకండి.

ఐదో అడుగు: భూమి మీరు ఎంచుకోండి

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఒక సూత్రం రాశాడు. దూరం నుంచి కాల్చే ఆధునిక యుద్ధంలో, నైపుణ్యం సమానమైతే, సేన బలం దాని సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుంది. ఐదుగురు ముగ్గురిని ఎదుర్కొంటే 25లోంచి 9 పోగా 16. దాని వర్గమూలం నాలుగు. ముగ్గురూ పడిపోయేసరికి ఐదుగురిలో నలుగురు నిలిచే ఉంటారు. జపాన్‌లో నొబువో తావోకా దీన్ని అమ్మకాలకు అన్వయించి ప్రచారం చేశాడు; ఎంత మార్కెట్ వాటా దాటితే స్థానం స్థిరపడుతుందో దశాంశాలతో సహా చెప్పే పట్టికలు కూడా పుట్టాయి. ఆ దశాంశాలను నేను నమ్మను. సూత్రం చెప్పే దిశను నమ్ముతాను.

దిశ ఇది. పోటీదారుకు పది మండలాల్లో పదిమంది సేల్స్‌మన్లు, మీకు నలుగురు. పదింటిలోనూ తిరిగితే వర్గాల లెక్కలో 100కు 16. నలుగురినీ ఒక్క మండలంలో దించితే అక్కడ అతని ఒకటికి మీ 16. ఆ మండలంలో మొదటి స్థానం ఖాయమయ్యాకే పక్క మండలం.

విశాఖపట్నంలో 1974 ఆగస్టు 10న ఈనాడు మొదలైనప్పుడు జరిగింది దాదాపు ఇదే. అప్పటి పేరున్న తెలుగు దినపత్రికలు వేరే ఊళ్లలో అచ్చై ఉత్తరాంధ్రకు ఆలస్యంగా చేరేవి. కొత్త పత్రిక వాటితో విజయవాడలో తలపడలేదు. వాటి చేయి అందని చోట అచ్చువేసి, తెల్లవారేసరికి గుమ్మంలో పడేసింది. ఊరి వార్తలకు చోటిచ్చింది. హైదరాబాద్ సంచిక 1975లో, విజయవాడ 1978లో, తిరుపతి 1982లో వచ్చాయి. ఒక్కో కోట స్థిరపడ్డాక మరొకటి. 1989లో జిల్లా అనుబంధాలు ప్రవేశపెట్టినప్పుడు యుద్ధభూమి మరింత చిన్నదైంది, జిల్లా స్థాయికి.

భూమి అంటే భూగోళమే కానక్కర్లేదు. ఎలై లిల్లీ కంపెనీ మందు ప్రొజాక్ పేటెంటు మీద అమెరికాలో జనరిక్ సంస్థలు పోటాపోటీగా దావాలు వేశాయి. అక్కడి చట్టం ప్రకారం ముందుగా సవాలు చేసినవారికి 180 రోజులు ఇతర జనరిక్‌ల పోటీ లేకుండా అమ్ముకునే ప్రత్యేక హక్కు దక్కుతుంది. ఎక్కువగా అమ్ముడయ్యే 20 మిల్లీగ్రాముల క్యాప్సూల్ హక్కు బార్ అనే సంస్థకు పోయింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 40 మిల్లీగ్రాముల మోతాదు దగ్గర ముందు నిలబడి 2001 ఆగస్టులో ఆ హక్కు సాధించింది. భారతీయ కంపెనీకి అలా దక్కడం అదే మొదలు. పెద్ద యుద్ధభూమిలో ఖాళీగా ఉన్న ఒక మూల అది.

ఎక్కడ కొడతారో ఎదుటివాడికి ముందే తెలియకూడదు. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివారి చేతిలో ఉన్న బందరు కోట ముందు నిలిచిన ఇంగ్లీషు సేనాని కల్నల్ ఫోర్డ్ పరిస్థితి దయనీయం: జీతాల కోసం సైనికులు తిరగబడ్డారు, మందుగుండు అడుగంటింది, నిజాం సలాబత్ జంగ్ సేన దగ్గరకు వస్తోంది. అతను రాత్రివేళ మూడు దిక్కుల నుంచి కదిలాడు. ఒకటి చిత్తడి నేల గుండా చేసిన బూటకపు దాడి, ఒకటి ద్వారం ముందు చేసిన హడావిడి, ఒకటి అసలుది. ఏది అసలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌కు తెలిసేలోపు కోట పోయింది. మీ పిండి కౌంటర్ గురించి నెల ముందే ఫ్లెక్సీలు కట్టించకండి.

ఇక్కడ యుద్ధానికీ వ్యాపారానికీ పోలిక తెగిపోతుందని కూడా చెప్పాలి. కోట పడితే ఊరు గెలిచినవాడిది అవుతుంది. బైపాస్ దుకాణం మూతపడినా ఆ గిరాకీ మీ దగ్గరికే రావాలని లేదు, యాప్‌కు పోవచ్చు. కొనేవాడు ఎవరి సైనికుడూ కాడు.

ఆరో అడుగు: కోటలో బలహీనమైన తలుపు

1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ సైకిల్ మీద తిరిగి అమ్మిన నిర్మా పొడి ధర సర్ఫ్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. హిందుస్థాన్ లీవర్ సర్ఫ్ ధరను అంతకు దించలేకపోయింది. పెద్దవాడికి ఉండే ఇబ్బందే అది: ధర తగ్గిస్తే తాను అమ్మే ప్రతి కిలో మీదా నష్టం. చిన్నవాడికి తన కొద్ది కిలోల మీదే. చాలా ఏళ్లు చూసి, చివరికి 1987లో వీల్ అనే వేరే పొడిని దించి ఆ దిగువ ధరల నేల మీద పోరాడింది. సర్ఫ్ స్థానం చెదరకుండా చూసుకుంది. మీరు పెద్దవారైతే నేర్చుకోవాల్సింది వీల్ నుంచి: ప్రధాన బ్రాండు ధరను పణంగా పెట్టకుండా, కాపలాకు వేరే పేరు దించడం. చిన్నవారైతే నిర్మా నుంచి.

అయినా కోటలు బయటి దెబ్బలకు పడేకన్నా లోపలి చేతులకు పడేవే ఎక్కువ. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు గోల్కొండను ముట్టడించాడు. ఫిరంగులతో కానిది, సొరంగాలతో కానిది, లోపలి సర్దారు ఒకడు లంచం తీసుకుని రాత్రి తలుపు తీయడంతో అయిపోయింది. మీ తలుపు తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? అన్ని ఇళ్ల నెల సామాను జాబితా నోటికి తెలిసిన గుమాస్తా, మిల్లువాళ్లతో బేరం చేసే మేనేజరు. ఉద్యోగం మానాక పోటీ సంస్థలో చేరకూడదని వాళ్లతో రాయించుకున్న కాగితం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. రహస్యాలు బయటపెట్టకూడదనే ఒప్పందానికి విలువ ఉంది, అది రాయించుకోండి. దానికన్నా ముందు ఆ ఇద్దరి జీతం ఈ నెలే పెంచండి, లాభంలో వాటా ఇవ్వండి. ఎదుటివాడు పిలిచాక పెంచితే అది ప్రేమ అనిపించదు.

ఏడో అడుగు: కాగితం మీద ఒక యుద్ధం

1824లో ప్రష్యా సైన్యం రైస్విట్జ్ అనే యువ అధికారి తీర్చిదిద్దిన యుద్ధ క్రీడను శిక్షణలోకి తీసుకుంది. పటం, పాచికలు, రెండు పక్షాలు, మధ్యలో ఒక నిర్ణేత. ఒక పక్షానికి మరో పక్షం ఎత్తు కనిపించదు. దీన్ని మీ దుకాణం మేడమీద గదిలో ఒక మధ్యాహ్నం ఆడవచ్చు, ఖర్చు టీలు మాత్రమే.

నలుగురు చాలు. ముఖ్యమైన నియమం: యజమాని పోటీదారు పాత్ర వేయాలి. మీ దుకాణం పాత్ర మేనేజరుకు ఇవ్వండి. కొనేవారి పాత్రకు నిజంగా ఇంటి సరుకులు కొనే మనిషిని పిలవండి. మీ సిబ్బందిలోని మగవాళ్లు చాలామంది ఆ పనికి పనికిరారు. లెక్కలు రాసే ఆడిటరో, అకౌంటెంటో నిర్ణేత. ఒక్కో ఆట ఒక నెలకు సమానం. ఇరుపక్షాలూ తమ ఎత్తును, దాని ఖర్చును చీటీ మీద రాసి నిర్ణేతకు ఇస్తాయి. ఆయన రెండూ ఒకేసారి చదువుతాడు. కొనేవారు ఈ నెల ఎటు వెళతారో, ఎందుకో చెబుతారు. నిర్ణేత రెండు పక్షాల చేతిలో మిగిలిన నగదు రాస్తాడు. ఇలా ఆరు నెలలు ఆడండి.

మూడో నెలకే కొన్ని నిజాలు బయటపడతాయి. పోటీదారు కుర్చీలో కూర్చున్న యజమానికి తన దుకాణంలోని లోపాలు చకచకా కనిపిస్తాయి. ఇన్నేళ్లు తన కుర్చీలో కనిపించనివి అవే. కొనేవారు ధర గురించి మనం అనుకున్నంత మాట్లాడరని, పార్కింగ్ గురించి, బిల్లింగ్ వరుస గురించి, పాడైన టమాటా వెనక్కు తీసుకుంటారా అన్నదాని గురించి మాట్లాడతారని కూడా తెలిసిపోవచ్చు. ఆట ముగిశాక ఎవరు గెలిచారన్నది వదిలేయండి. ఏ ఎత్తుకు జవాబు దొరకలేదో అది రాసుకోండి.

ఎనిమిదో అడుగు: ఆజ్ఞ, వేగం

సైన్యాలు ఆజ్ఞను ఐదు భాగాలుగా రాస్తాయి: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, ఎవరు ఎవరికి చెప్పాలి. ఒక్క పేజీ దాటకుండా తెలుగులోనే రాసి సిబ్బందికి చదివి వినిపించండి. లక్ష్యం పక్కన కారణం కూడా రాయండి. ‘ఉదయం ఏడింటికి పిండి కౌంటర్ తెరవాలి’ అన్నది ఆజ్ఞ. ‘బడికి పిల్లల్ని పంపే ఇళ్లవాళ్లు బైపాస్ దాకా వెళ్లే అవసరం రాకుండా’ అన్నది ఉద్దేశం. ఉద్దేశం తెలిసిన కుర్రాడు గ్రైండర్ చెడిపోయిన రోజున మీకు ఫోను చేయకుండానే పక్క వీధి నుంచి పిండి తెప్పిస్తాడు.

వేగం గురించి ఒక్క మాట చాలు. 1981లో మోటారు సైకిళ్లలో మొదటి స్థానం ఇక తనదే కాబోతోందని యమహా ప్రకటించినప్పుడు హోండా ధరలతోపాటు కొత్త మోడళ్లతోనూ ముంచెత్తింది. ఏడాదిన్నరలో 113 మోడళ్లు. యమహా ఒకదానికి జవాబు తయారుచేసేలోపు మరికొన్ని వచ్చేవి. 1983కల్లా యమహా చేతులెత్తేసింది. నాలుగు నెలలకోసారి పెద్ద మార్పు చేసే బదులు వారానికో చిన్న మార్పు చేయండి. హైదరాబాద్ కార్యాలయం అనుమతి కావాల్సిన బైపాస్ మేనేజరు అంత వేగం అందుకోలేడు.

తొమ్మిదో అడుగు: ఎక్కడ ఆగాలి

ఇది మొదట రాసుకోవాల్సింది, చివర పెట్టాను. ఎందుకంటే ముందు చెబితే ఎవరూ చదవరు.

కృష్ణదేవరాయలు ఉదయగిరిని ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచాడు. 1515లో కొండవీడు, ఆ తర్వాత సింహాచలం దాకా జైత్రయాత్ర. అంత గెలిచినవాడు ఒడిశా రాజు గజపతితో సంధి చేసుకుని, అతని కుమార్తెను పెళ్లాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను తిరిగి ఇచ్చేశాడు. అంత దూరాన కోటలు కాపాడుతూ కూర్చుంటే పడమట బీజాపూర్ ముప్పు ఉంది. 1520లో రాయచూరు దగ్గర బీజాపూర్‌తో పోరుకు అతని సేనంతా ఒకచోట దొరికింది.

దీనికి ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. డాక్టర్ రెడ్డీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. అక్కడి బీమా సంస్థలు మందులను టెండర్ల మీద కొనడం మొదలెట్టాక ధరలు పడిపోయి, కంపెనీ ఆ కొనుగోలు విలువను పుస్తకాల్లో బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది. 1757 జనవరిలో బొబ్బిలి కోటను ఫ్రెంచి ఫిరంగుల సాయంతో కూల్చిన విజయరామరాజు, గెలిచిన కొద్ది రోజులకే తన డేరాలో తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. ఎదుటివాడికి ఇక పోగొట్టుకునేది ఏమీ లేని స్థితి దాకా తరమడం అంటే ఇదే. సర్వం పోయే దశలో ఉన్న వ్యాపారి కొన్నధర కంటే తక్కువకు అమ్ముతాడు, ఆ ధర ఊళ్లో ఏడాదిపాటు నిలిచిపోతుంది.

కాబట్టి మొదటి ఎత్తు వేసే ముందే మూడు గీతలు రాయండి. డబ్బు గీత: ఈ పోరుకు ఇంత సొమ్ము, దాటితే ఆగుతాం. కాలం గీత: ఫలానా తేదీ నాటికి నెలవారీ ఖాతాలు ఇన్ని తిరిగి రాకపోతే దారి మారుస్తాం. గెలుపు గీత కూడా రాయండి, దీన్ని అందరూ మరచిపోతారు: తాజా సరుకుల్లో పాత అమ్మకం తిరిగి వస్తే అక్కడితో చాలు, సబ్బుల జోలికి పోం. ఆ కాగితం మీద సంతకం మీది. కాగితం మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. లెక్కలు రాసే మనిషికి ఇచ్చి, గీత దాటిన రోజు మీరు ఎంత గట్టిగా అరిచినా చెక్కు బుక్కు ఇవ్వవద్దని చెప్పండి.